జానెడు చెక్క: సైన్స్ దినోత్సవ సభలో ఓ రిటైర్డు మాస్టారి ప్రసంగం

వేదిక మీదున్న హెడ్మాస్టరు గారికి, సర్పంచ్ గారికి, నాతో కలిసి పనిచేసిన మిత్రులకి, ఇంత ఎండలో ఏటిగట్టు దిగి వచ్చిన తల్లిదండ్రులకి, అందరికంటే ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకి నమస్కారం.

ఇవాళ ఫిబ్రవరి 28. సి.వి. రామన్ గారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన గురించి పదో తరగతి అమ్మాయి ఇందాకే చక్కగా చెప్పింది. అందులో కలపాల్సింది ఏమీ లేదు. నాకిచ్చిన టైములో నీళ్ల గురించి చెబుతాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకోవాలి.

పిల్లలూ, ఆర్కిమెడిస్ సూత్రం ఎవరు చెబుతారు? అన్ని చేతులూ లేచాయి. సరే, అందరూ కలిసి చెప్పండి. "ద్రవంలో ముంచిన వస్తువు మీద పనిచేసే ఉత్ప్లవన బలం, ఆ వస్తువు తొలగించిన ద్రవం బరువుకు సమానం." ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అసలు నీళ్లు పైకి ఎందుకు తోస్తాయి?

చేతులన్నీ దిగిపోయాయి. తప్పు మీది కాదమ్మా. ముప్పై నాలుగేళ్లు ఇదే పాఠం చెప్పాను. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గోదారి మధ్యనున్న లంకలోంచి వచ్చేది. వాళ్ల నాన్న రేవులో పడవ వేసేవాడు. ఈ పాఠం చెబుతుంటే లేచి, "మాస్టారండీ, నీళ్లకి చేతుల్లేవు కదండీ, మరి పైకి ఎలా తోస్తాయండీ?" అని అడిగింది. "పుస్తకంలో ఉన్నది రాయి, నాలుగు మార్కులొస్తాయి, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ ఏడంతా మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పుడామెకి యాభై దాటి ఉంటాయి. తలవంచుకుని ఆ పిల్ల కూర్చోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజు ఇవ్వని జవాబు ఈ రోజు ఇస్తాను. బావిలో నీళ్లు తోడినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? పెద్దవాళ్లు చెప్పండి. చేద నీళ్లలో ఉన్నంతసేపు తాడు తేలిగ్గా వస్తుంది. నీటి పైకి వచ్చిందో లేదో గిలక కిర్రుమంటుంది, భుజాలు లాగేస్తాయి. చేద అదే, అందులో నీళ్లూ అవే. మరి అంతవరకు ఆ బరువు మోసిందెవరు?

బాబూ, నువ్వు రా. ఇదిగో బకెట్. ఈ పాలిథిన్ సంచి చేతికి తొడుక్కో. మెల్లగా ముంచు, లోపలికి నీళ్లు పోనివ్వకు. చూశారా, సంచి ఎలా అతుక్కుపోయిందో! వేళ్ల సందుల్లోకి కూడా వెళ్లింది. పైనుంచే కాదు, అరచేతి కిందనుంచి, ముంజేతి చుట్టూ, అన్ని వైపుల నుంచీ నొక్కుతోంది. అదే పీడనం. లోతుకు పోయేకొద్దీ అది పెరుగుతుంది, ఎందుకంటే కింది నీళ్లు పైనున్న నీళ్ల బరువంతా మోయాలి. గోదాట్లో పది మీటర్లు దిగితే, మన నెత్తిన ఎప్పుడూ ఉండే గాలి పీడనానికి దాదాపు అంతే పీడనం నీళ్ల వల్ల కలుస్తుంది.

ఇప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న డబ్బా ఒకటి ఊహించుకోండి. సరిగ్గా లీటరు పడుతుంది. మూత బిగించి, మూత 20 సెంటీమీటర్ల లోతున ఉండేలా ముంచాం. మూత మీద రెండు లీటర్ల నీళ్లు నిలబడ్డట్టు లెక్క, అంటే రెండు కిలోల బరువు కిందికి నొక్కుతోంది. డబ్బా అడుగు 30 సెంటీమీటర్ల లోతున ఉంది. అక్కడి నీళ్లు మూడు కిలోల బరువుతో పైకి నొక్కుతాయి. పక్కల నుంచి నొక్కేవి ఒకదానికొకటి చెల్లు. మూడులోంచి రెండు పోతే ఒకటి. ఒక కిలో, అంటే ఒక లీటరు నీళ్లు. డబ్బా ఆక్రమించిన చోటు కూడా అంతే కదా! ఇంకా లోతుకు తీసుకెళ్లండి, మూతని మీటరు లోతున పెట్టండి. పైనుంచి పది, కిందనుంచి పదకొండు. తేడా మళ్లీ ఒకటే. డబ్బా కిలో కంటే తక్కువ తూగితే పైకి లేస్తుంది, ఎక్కువ తూగితే మునుగుతుంది. సూత్రం మొత్తం ఇంతే. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ నాలుగు నిమిషాలే నేను ఆ పిల్లకి ఇవ్వలేకపోయాను.

స్నానపు తొట్టి, కిరీటం కథ మీకందరికీ తెలుసు. తేలే వస్తువుల మీద ఆర్కిమెడిస్ రాసిన గ్రంథంలో ఆ కథ ఎక్కడా లేదు. ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్లకు ఒక రోమన్ రచయిత చెప్పిన కథ అది. కథ చెప్పండి, వద్దనను. కథతోనే పీరియడ్ అయిపోకూడదు.

ఇలాంటిదే ఇంకోటి చెప్పాలి. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. ఆ మాట అనగానే కొందరు మహిమ అంటారు. మట్టిలో సన్నని రంధ్రాలు నిండేలా ఇటుక కాల్చారు, అందుకే అది అంతే చోటు పట్టే నీళ్లకంటే తక్కువ తూగుతుంది. శిఖరం తేలికైతే కింద స్తంభాల మీద భారం తగ్గుతుంది. మహిమ అనేస్తే ఆ ఇటుక కాల్చినవాడి పనితనం మనకు కనపడకుండా పోతుంది. నాకు అదే బాధ.

సరే, రేవు దగ్గరికి వస్తాను. చెప్పాలనుకున్నది అదే.

ఆ ఏడే దసరా సెలవుల ముందు ఆ అమ్మాయి నాన్న పడవలో లంకకు వెళ్లాను. పడవ నిండిపోయింది. గట్టు మీద ఇంకో ముగ్గురున్నారు, అందులో ఒకరు ఊళ్లో పెద్దమనిషి. కేకలేస్తున్నారు. అతను వంగి, పడవ అంచుకి వేలు ఆనించి, బొటనవేలు నీటికి తగిలేలా జాన పెట్టి చూశాడు. "లేదండి, ఈసారికి కుదరదండి" అన్నాడు. ఎందుకు అని నేనడిగాను. "జానెడు చెక్క పైకుండాలండీ మాస్టారూ. అంతకి తగ్గితే గోదారి మన మాట వినదండి" అన్నాడు. బడి మొహం చూడని మనిషి. నేను బోర్డు మీద రాసి చెరిపేసింది అతను చేత్తో కొలిచాడు.

లెక్క చూడండి. మన రేవులో ఇప్పుడు తిరుగుతున్న పంటుని, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవని, మొన్న టేపుతో కొలిచాను. నీటి మట్టం దగ్గర దాని వైశాల్యం సుమారు 20 చదరపు మీటర్లు. మనిషికి 60 కిలోల చొప్పున పదిమంది ఎక్కితే 600 కిలోలు. అంటే పంటు ఇంకో 600 లీటర్ల నీళ్లని పక్కకు తోసేదాకా దిగాలి. 20 చదరపు మీటర్ల మీద అది మూడు సెంటీమీటర్లు. అయిదు మోటార్ సైకిళ్లు ఎక్కిస్తే ఇంకో మూడు. నలభై మంది, పదిహేను బళ్లు అదనంగా ఎక్కారా, 21 సెంటీమీటర్లు దిగుతుంది. జానంటే ఎంత? అంతే కదా! పైగా ఇది పంటు సమంగా ఉంటేనే. జనం అంతా ఒక పక్కకు జరిగితే ఆ పక్క అంచు ఎప్పుడో నీళ్లకి అందుతుంది. అడుగున చేరిన నీళ్లు కూడా ఒరిగిన వైపుకే పరుగెత్తుతాయి. పాతకాలం పడవవాళ్లు ఊరికే డబ్బా పట్టుకుని నీళ్లు తోడుతూ కూర్చునేవారు కాదు.

విశాఖ హార్బరుకి వెళ్లినప్పుడు ఓడ పక్కన చూడండి, ఒక వృత్తం, దాని పక్కన మెట్లలా గీతలు ఉంటాయి. మంచినీటిలో ఎంతవరకు మునగొచ్చు, సముద్రంలో ఎంతవరకు, చలికాలంలో ఎంతవరకు అని. ఉప్పునీరు మంచినీటి కంటే రెండున్నర శాతం బరువు, అందుకని గీతలు వేరు. శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే ఆయన బ్రిటన్ పార్లమెంటులో పోట్లాడితే 1876లో ఆ గీత తప్పనిసరి అని చట్టం వచ్చింది. కానీ గీత ఎక్కడ గీయాలో మాత్రం ఓడ యజమాని ఇష్టానికే వదిలేశారు! అది సరిచేయడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. గీత ఉంటే చాలదు, సరైన చోట ఉండాలి.

2019 సెప్టెంబరు 15 ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. 70 మందికి పైగా ఉన్నారు అందులో. ఎవరిది తప్పో తేల్చడానికి నేను లేవలేదు. ఒక్క సంగతి చెబుతాను. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గానీ ఆ బోటుని బయటికి తేలేకపోయింది. ఎందుకంత కష్టమైంది? లోతు, వరద సరే. బోటు ఇసుకలో, బురదలో కూరుకుపోయింది. అడుగుకి నీళ్లు అందకపోతే కిందనుంచి పైకి నొక్కేది ఏముంటుంది? పైనుంచి నొక్కే నీళ్లు మాత్రం ఉంటాయి. ఇందాకటి డబ్బా లెక్కలో మూడు తీసేసి రెండు మాత్రం ఉంచండి. అదీ పరిస్థితి.

అమ్మా, అయ్యా, మీ కాళ్లకి దండం పెట్టి అడుగుతున్నాను. పంటు ఎక్కినప్పుడు పిల్లలకి లైఫ్ జాకెట్ వేయండి. ఉక్క అని దాన్ని మడిచి కూర్చోవడానికి వేసుకుంటున్నారు, నా కళ్లతో చూశాను. మనిషి ఒళ్లు దాదాపు నీళ్లంతే తూగుతుంది. ఊపిరి నిండా పీలిస్తే కాస్త తేలతాం, వదిలేస్తే మునుగుతాం. తల నీటిపైన నిలబడాలంటే కావలసిన అదనపు తోపుడు నాలుగైదు కిలోలే. ఆ జాకెట్లో ఉన్న బెండు ఇచ్చేది అదే. మా చిన్నప్పుడు వీపుకి సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పేవారు, దానికీ దీనికీ సూత్రం ఒక్కటే.

సర్పంచ్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఇది ప్రసంగంలో రాసుకోలేదు. పంటుకి రెండు వైపులా తెల్ల గీత వేయిద్దాం. అంచు నుంచి జానెడు కింద. గీత నీళ్లలో మునిగితే పంటు కదలకూడదు. గట్టు మీద ఎవరు నిలబడి కేకలేసినా సరే. పదో తరగతి పిల్లలు కొలతలు తీస్తారు, లెక్క నేను సరిచూస్తాను. మీరు ఊఁ అంటే చాలు.

తలూపారు. పిల్లలూ, చూశారుగా. పెయింటు డబ్బా, రెండు బ్రష్షులు తెచ్చాను, ఆఫీసు రూములో పెట్టాను. బహుమతులు ఇవ్వడం అయ్యాక టేపు పట్టుకుని రేవుకి రండి.