గోల్కొండలో పుట్టిన నిఘంటువు, టెహ్రాన్‌లో దాన్ని దిద్దిన గురువు

సభకు నమస్కారం. నన్ను పర్షియన్ పండితుడు మొహమ్మద్ మొయిన్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గాని, ముందు గోల్కొండ ఎక్కక తప్పదు.

కిందటేడు మా మనవణ్ణి కోటకు తీసుకెళ్లాను. చప్పట్ల గురించి, వజ్రాల గురించి గంటసేపు చెప్పిన గైడును "బుర్హానె ఖాతే సంగతి చెప్పు నాయనా" అని అడిగితే, "అది ఏ దర్వాజా అండీ?" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టను, మనం అతనికి చెప్పిందెప్పుడు? అది దర్వాజా కాదు, 1652లో మొహమ్మద్ హుసేన్ తబ్రీజీ ఇక్కడ కూర్చి అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితమిచ్చిన పర్షియన్ నిఘంటువు.

అందులో తప్పులున్నాయి. 'దసాతీర్' అనే కల్పిత గ్రంథంలోని దొంగమాటలు కూడా అందులో చోటు చేసుకున్నాయి. రెండు శతాబ్దాల తర్వాత మీర్జా గాలిబ్ ఈ నిఘంటువును చీల్చి చెండాడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ కలహంలో పండితులు ఎందరో పరస్పరం కరపత్రాలు విసురుకున్నారు.

ఇక మొయిన్. కాస్పియన్ తీరప్రాంతపు రష్త్‌లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, తాతగారి పెంపకంలో చదువుకుని, ప్రాచీన ఇరాన్ భాషల పండితుడు పూర్‌దావూద్ శిష్యరికంలో టెహ్రాన్ విశ్వవిద్యాలయం నుంచి పర్షియన్ సాహిత్యంలో తొలి డాక్టరేటు అందుకుని, అక్కడే ఆచార్యుడైన ఈయన, 1950లలో మన గోల్కొండ నిఘంటువును సంపుటాలుగా పరిష్కరించాడు. తబ్రీజీ రాసిన ఒక్క మాటనూ తీసిపారేయకుండా, ప్రతి దొంగమాట కిందా అధోజ్ఞాపికలో దాని గుట్టు విప్పాడు. నిఘంటువుల పనిలో ఇంతకన్న మర్యాద నేనెరుగను.

ఆ నమ్మకం వల్లనే కాబోలు, ఇరాన్ నిఘంటుకారుడు దెహ్‌ఖుదా తన మహానిఘంటువు బాధ్యతను, కవి నీమా యూషీజ్ తన రాతప్రతుల బాధ్యతను వీలునామాల్లో ఈయనకే అప్పగించారు. ఆ బరువులన్నీ మోస్తూ, పాఠాలు చెబుతూ, తన సొంత నిఘంటువు ఆరు సంపుటాలూ పూర్తికాకముందే, 1966 చివర్లో విశ్వవిద్యాలయంలోనే కుప్పకూలి, నాలుగేళ్లకు పైగా స్పృహ లేకుండా పడి ఉండి, 1971 జులైలో కన్నుమూశాడు. మిగిలిన పనిని సహచరులు పూర్తిచేశారు.

ఇంకా చెప్పవలసింది ఉంది గాని, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గోల్కొండలో తబ్రీజీ పేరిట, మొయిన్ పేరిట ఒక్క ఫలకమైనా పెట్టమని దరఖాస్తు రాసి తెచ్చాను. గుమ్మం దగ్గర బల్లమీద ఉంది, కలం కూడా పెట్టాను. దయచేసి సంతకం పెట్టి వెళ్లండి.