బుధవారం యుద్ధం, శుక్రవారం మెడికేర్

అందరికీ నమస్కారం.

ఎవరైనా ఒక అమెరికా అధ్యక్షుడి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, లింకన్ గురించో కెనెడీ గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను లిండన్ జాన్సన్ అనగానే ఫోన్‌లో అవతలివైపు కాసేపు మాట లేదు. నాకో చిన్న కారణం ఉంది. చిన్నప్పుడు మా బళ్లో మధ్యాహ్నం పూట గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. అది అమెరికా గోధుమ అని మాత్రం మాకు తెలుసు. ఆ రోజుల్లో మన దేశానికి రావాల్సిన గోధుమ ఓడలు ఎప్పుడు కదలాలో వైట్‌హౌస్‌లో ఒక మనిషి స్వయంగా కూర్చుని నిర్ణయించేవాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ మనిషే ఈయన. ఓడల సంగతికి మళ్లీ వస్తాను.

ముందు రెండు తేదీలు. 1965 జులై 28, బుధవారం. వియత్నాంలో ఉన్న అమెరికా సైన్యాన్ని 75 వేల నుంచి లక్షా 25 వేలకు పెంచుతున్నానని జాన్సన్ ప్రకటించాడు. ఇంత పెద్ద మాట చెప్పాలంటే ఎవరైనా రాత్రిపూట, జనమంతా టీవీల ముందు చేరాక చెబుతారు. ఈయన మిట్టమధ్యాహ్నం ప్రెస్ మీట్ పెట్టాడు. తన పాత స్నేహితుడు ఏబ్ ఫోర్టస్‌ను సుప్రీంకోర్టు జడ్జిగా నామినేట్ చేస్తున్న సంగతి కూడా అక్కడే చెప్పాడు. అంటే విధానం మారినట్టా అని విలేకరి అడిగితే, అలాంటిదేమీ లేదన్నాడు. పెళ్లి సందడి మధ్య అప్పు మాట చెవిలో వేసినట్టు.

రెండు రోజులు గడిచాయి. జులై 30, శుక్రవారం. మిస్సోరీ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరు. 81 ఏళ్ల మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. 65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అది. పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్ కూడా అదే చట్టంలో ఉంది. దేశానికి ఆరోగ్య బీమా తేవాలని ట్రూమన్ ఎప్పుడో తలపెట్టి ఓడిపోయాడు. అందుకే మొదటి కార్డు ఆయన చేతికే ఇచ్చారు.

మంచి సంస్కరణలు సాగిపోతుంటే ఎక్కడినుంచో యుద్ధం ఊడిపడి పాడుచేసిందని ఈ కథను చాలామంది చెబుతారు. నేనలా చూడను. ఆ శుక్రవారం కోసమే ఆ బుధవారాన్ని జాన్సన్ చిన్నది చేసి చూపించాడు. బిల్లుల్ని కాపాడుకోవడానికి యుద్ధం ఖర్చు దాచాడు. దాచిందే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

అసలు ఎవరీయన? టెక్సస్‌లో రాళ్లు తేలిన కొండప్రాంతం వాడు. వాన మీద నమ్మకం పెట్టుకోలేని నేల. అనంతపురం వాళ్లకు, పాలమూరు వాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. తండ్రి శాసనసభకు వెళ్లినవాడే, కానీ పత్తి ముంచేసి అప్పులపాలయ్యాడు. జాన్సన్ 1928లో కాలేజీ చదువు మధ్యలో ఆపి, డబ్బు కోసం కొటూల్లా అనే ఊళ్లో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పాడు. పిల్లలు చాలామంది పరగడుపునే బడికి వచ్చేవారు. 37 ఏళ్ల తర్వాత ఓటుహక్కు బిల్లు తెస్తూ కాంగ్రెస్ ముందు, అంటే అమెరికా పార్లమెంటు ముందు, ఆ పిల్లలనే తలుచుకున్నాడు. జనం తమను ఎందుకు ఇష్టపడరో వాళ్లకు తెలియదు, ఇష్టపడరని మాత్రం తెలుసు అన్నాడు. ఆ మాట ప్రసంగ రచయితల కల్పన అని నేను అనుకోను. అంతకుముందు కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు, కిరోసిన్ దీపాలతో బతుకుతున్న తన కొండపల్లెలకు సహకార సంఘం ద్వారా కరెంటు తెప్పించినవాడు కూడా ఈయనే.

1963 నవంబర్ 22న కెనెడీ హత్యతో అధ్యక్షుడయ్యాడు. 1964 జనవరిలో పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు, మే నెలలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో తన సంస్కరణల కలకు 'మహత్తర సమాజం' అనే మాట వాడాడు. మాటలు ఎవరైనా అంటారు. ఈయన గొప్పతనం ఓట్లు లెక్కపెట్టడంలో ఉంది. సెనేటర్ల మీదికి వంగి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి మాట్లాడే ఫొటోలు మీరు చూసే ఉంటారు. బతిమాలడం, బెదిరించడం, పొగడడం మూడూ ఒకే ఊపిరిలో. రంగు వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ఉపన్యాసాలతోనే అడ్డుకున్నారు. చర్చ ముగించే తీర్మానానికి 67 ఓట్లు కావాలి. 1964 జూన్ 10న ఓటింగు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కు మెదడులో కణితి, మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిస్తే చేతిని కంటి దగ్గరికి తెచ్చి చూపించాడు. ఇంగ్లీషులో కన్ను అన్నా, సభలో సరే అని ఓటేసినా వినబడేది ఒకటే శబ్దం, 'ఐ'. 71 మంది సరే అన్నారు, 29 మంది కాదన్నారు. జులై 2న చట్టమైంది.

ఆ చట్టంలో ఆరో భాగం ఒకటుంది. కేంద్రం డబ్బు తీసుకునే ఏ సంస్థా రంగు చూసి వివక్ష చూపకూడదు. చదివితే చప్పగా ఉంటుంది. మెడికేర్ చెల్లింపులు 1966 జులైలో మొదలయ్యేసరికి దాని పదును బయటపడింది. దక్షిణాదిలో చాలా ఆసుపత్రుల్లో నల్లవాళ్లకు వేరే వార్డు, కొన్నింటిలో అసలు ప్రవేశమే లేదు. ఇప్పుడు ముసలివాళ్ల బిల్లులు కేంద్రం కడుతుంది, కానీ వార్డులు కలిపితేనే. కొన్ని నెలల్లో వేల ఆసుపత్రులు దారికొచ్చాయి. ఉపన్యాసాలకు కదలని గోడలు క్యాష్ కౌంటర్ దగ్గర కదిలాయి. ఓటుహక్కు చట్టం కూడా అంతే. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లవాళ్లు 1964లో నూటికి ఏడుగురు కూడా లేరు. 1967కి దాదాపు 60 మంది.

మనకు నేరుగా తగిలే చట్టం ఇంకొకటి ఉంది. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర సంతకం చేసిన వలస చట్టం. అప్పటిదాకా భారతదేశానికి ఏడాదికి కేటాయించిన కోటా వంద మంది. దేశం మొత్తానికి వంద! కొత్త చట్టం ఒక దేశం నుంచి 20 వేల మంది దాకా రావచ్చంది, చదువుకీ బంధుత్వానికీ ప్రాధాన్యం ఇచ్చింది. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లు తర్వాతి పదేళ్లలో విమానాలెక్కింది ఈ దారినే. ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదని సంతకం పెడుతూ జాన్సన్ అన్నాడు. డల్లాస్ తెలుగువాళ్ల పెళ్లి ఒకటి చూపిస్తే మాట వెనక్కి తీసుకునేవాడేమో.

ఇప్పుడు వియత్నాం. జాన్సన్ ఫోన్లు రికార్డయ్యేవి, ఆ టేపులు ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. 1964 మే 27న సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడిన టేపు నన్ను వదలదు. ఇది పోరాడదగిన యుద్ధమని నాకు అనిపించడం లేదు, బయటపడగలమనీ అనిపించడం లేదు అంటాడు. సైన్యం దిగకముందు ఏడాది నాటి మాట ఇది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెనక్కి తగ్గితే కమ్యూనిస్టులకు దేశాన్ని అప్పగించాడంటారు. చైనాను కమ్యూనిస్టులకు పోగొట్టాడన్న నింద ట్రూమన్‌ను ఎలా తినేసిందో ఆయన దగ్గరుండి చూశాడు. ఆ నిందతో తన బిల్లుల్ని కూడా కూలుస్తారని భయం. ముందుకెళ్తే, ఖర్చు చూపించి అవే బిల్లుల్ని ఆపుతారు.

ఆగస్టులో ఉత్తర వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండుసార్లు దాడి జరిగిందన్నారు. ఆ రెండోది అసలు జరగనేలేదని తర్వాత తేలింది. సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికిస్తూ ఆ వేడిలో తెచ్చిన తీర్మానానికి దిగువ సభలో 416 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా. సెనేట్‌లో కాదన్నది ఇద్దరే. అక్టోబర్‌లో ఎన్నికల ప్రచారానికి వెళ్లి, ఆసియా కుర్రాళ్లు చేసుకోవాల్సిన పనికి మన కుర్రాళ్లను పంపబోమన్నాడు. నవంబర్‌లో 61 శాతం ఓట్లతో గెలిచాడు. 1965 మార్చి 7న ఆదివారం అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద ఓటుహక్కు కోసం నడిచినవాళ్లను పోలీసులు చితకబాదారు. మరునాడే వియత్నాంలో దా నాంగ్ తీరంలో 3,500 మంది మెరైన్లు దిగారు. ఆ ఏడాది ఏ పేజీ తీసినా ఇలా రెండేసి వార్తలుంటాయి.

జులైలో రక్షణ మంత్రి మెక్‌నమారా ఒక జాబితా తెచ్చాడు. ఇంకా సైన్యం కావాలి, రిజర్వు బలగాలను పిలవాలి. విదేశాంగ శాఖలో జార్జ్ బాల్ ఒక్కడే ఇది మునిగే పని అని వాదించాడు. జాన్సన్ సైన్యానికి ఒప్పుకున్నాడు, రిజర్వులను పిలవలేదు. పిలిస్తే కాంగ్రెస్‌లో చర్చ, పన్నుల మాట, ఆపైన మెడికేర్ గతేంటి? చేసిన తప్పుల్లో ఇదే పెద్దదని నా లెక్క. యుద్ధం తప్పా ఒప్పా అన్నది ఒకటి. దాన్ని జనం ముందు పెట్టకపోవడం ఇంకొకటి. సెనేట్‌లో ముప్పై మందిని ముప్పై రకాలుగా ఒప్పించిన నేర్పుతోనే దేశం మొత్తాన్ని ఒప్పించొచ్చు అనుకున్నాడు. సెనేటర్‌కు ఆనకట్టో రోడ్డో ఇవ్వొచ్చు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఏమిస్తాడు?

1966 జనవరిలో యుద్ధం, సంస్కరణలు రెండూ చేయగలం అన్నాడు. ఏడాది చివరికి వియత్నాంలో సైన్యం 3 లక్షల 85 వేలు. నవంబర్ ఎన్నికల్లో దిగువ సభలో ప్రతిపక్షం 47 స్థానాలు పెంచుకుంది. దానికి వియత్నాం ఒక్కటే కారణం కాదు. నగరాల్లో అల్లర్లు, తెల్లవాళ్ల అసహనం కూడా ఉన్నాయి. 1967 నాటికి యుద్ధం ఏడాదికి సుమారు 2,000 కోట్ల డాలర్లు తింటోంది. పేదరికం కార్యక్రమాలు చూసే కార్యాలయానికి 200 కోట్లు కూడా లేవు. ఆ జులైలో మురికివాడల్లో ఎలుకల నిర్మూలనకు 4 కోట్ల డాలర్ల బిల్లు వస్తే, ఎలుకల మీద జోకులేసుకుంటూ సభ ఓడించింది. ఉయ్యాలలో పిల్లల్ని ఎలుకలు కొరికే ఇళ్ల గురించి ఆ బిల్లు. తర్వాత సిగ్గుపడి పాస్ చేశారనుకోండి. పన్ను పెంచుదామని జాన్సన్ అడగడానికే 1967 దాకా ఆగాడు. అది 1968 జూన్‌లో దక్కింది, 600 కోట్ల కోత షరతుతో. అదే 1967లో, ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. పేదలకు చేరాల్సిన మనుషుల్ని, డబ్బుని పీల్చేసే గొట్టంతో పోల్చాడు. పౌరహక్కుల చట్టాలకు తోడు నిలిచిన ఇద్దరూ ఆ తర్వాత మళ్లీ దగ్గర కాలేదు.

మన ఓడల సంగతి. 1965, 66లలో వరసగా రెండేళ్లు కరువు. అమెరికా గోధుమ ఓడ దిగితేనే రేషన్. జాన్సన్ నెలకింత అని చేత్తో కొలిచినట్టు వదిలేవాడు. ముందు మీ వ్యవసాయం మీద డబ్బు పెట్టండి అన్న ఒత్తిడి అందులో ఉంది. అది మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం కూడా కోరుకున్నదే. కానీ వియత్నాం మీద బాంబుల్ని ఢిల్లీ విమర్శించడం ఆయనకు పుండు మీద కారం. 1966 జులైలో ఇందిరాగాంధీ మాస్కోలో ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాక మరీను. ఆకలిగా బడికొచ్చిన కొటూల్లా పిల్లల్ని మరిచిపోని మనిషి ఇలా చేశాడంటే, నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

మిగతాది తొందరగా జరిగిపోయింది. 1968 జనవరి చివర, వియత్నాం కొత్త సంవత్సరం పండుగ టెట్ సమయంలో కమ్యూనిస్టుల దాడులు. గెలుస్తున్నామన్న మాట సైగాన్‌లో తమ రాయబార కార్యాలయం ఆవరణలోనే అబద్ధమైంది. మార్చి 12న పార్టీ అభ్యర్థిని ఎంచుకునే న్యూ హాంప్‌షైర్ ఎన్నికలో సొంత పార్టీ సెనేటర్ మెకార్తీ 42 శాతం తెచ్చుకున్నాడు, కుర్చీలో ఉన్న అధ్యక్షుడికి 49. నాలుగు రోజులకు, హత్యకు గురైన కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ కూడా బరిలోకి దిగాడు. మార్చి 31 రాత్రి టీవీలో బాంబు దాడులు తగ్గిస్తున్నానని చెప్పి, చివర్లో మళ్లీ పోటీ చేయనన్నాడు. ఈసారి జనం టీవీల ముందు ఉండే సమయమే చూసుకున్నాడు. నాలుగు రోజులకు కింగ్‌ను కాల్చి చంపారు. ఆ దుఃఖంలో ఒక వారం తిరక్కుండానే ఇళ్ల అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టాన్ని గట్టెక్కించాడు. ఓడిపోయిన మనిషిలోనూ ఓట్లు లెక్కపెట్టే మనిషి చావలేదు.

1964లో నూటికి 19 మంది పేదలున్న దేశంలో 1969కి 12 మంది మిగిలారు. వియత్నాం 58 వేల మందికి పైగా అమెరికన్లను, లక్షల మంది వియత్నామీయులను మింగింది.

పదవి దిగాక టెక్సస్ చేరి, జుట్టు పెంచి, పొలం చూసుకుంటూ బతికాడు. 1972 డిసెంబర్‌లో ఆస్టిన్‌లో పౌరహక్కుల సభ పెడితే, గుండె జబ్బుతో వద్దన్నా వెళ్లాడు. మాట్లాడుతూ మధ్యలో ఒక మాత్ర నోట్లో వేసుకుని, మనం చేయాల్సినంత చేయలేదని చెప్పి దిగాడు. ఆరు వారాలకు, 1973 జనవరి 22 మధ్యాహ్నం పోయాడు. మరునాడు రాత్రి నిక్సన్ టీవీలోకి వచ్చి వియత్నాంలో ఒప్పందం కుదిరిందని ప్రకటించాడు. ఈ శాంతిని ఆయనకన్నా ఎక్కువగా ఆహ్వానించేవారు ఉండరని జాన్సన్ పేరెత్తి చెప్పాడు. అప్పటికి ఆస్టిన్‌లో జాన్సన్ పేరిట ఉన్న గ్రంథాలయంలో ఆయన శవపేటిక ముందు జనం వరసలో నడుస్తున్నారు. ఆ వార్త కోసం ఐదేళ్లు ఎదురుచూసిన మనిషి ఒక్క రోజు తేడాతో వినలేదు.