కత్తెర కంటే ముందు చెయ్యి

పెద్దలకు నమస్కారం. అక్కచెల్లెళ్లకు నమస్కారం. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నదమ్ములకు రెండు నమస్కారాలు.

"పాత బట్టలు, పాత సామాన్లతో పండగ ఇల్లు" అని బయట కాగితం అంటించారు. దసరా దగ్గరపడింది, దాని వెనకే దీపావళి. గుమ్మానికి ఏం కట్టాలి, దివాను మీద ఏం పరచాలి, పిల్లకి లంగా ఎలా కుట్టాలి, అవన్నీ చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు ఒక గొడవ ఉంది, అది కక్కకపోతే మిగతాది చెప్పలేను.

వీధుల్లో మైకు కట్టుకుని బండి వస్తుంది. "పాత పట్టుచీరలు కొంటాం, జరీ కొంటాం." విన్నారు కదా? ఆ బండెక్కిన చీర మళ్ళీ ఎవరి ఒంటి మీదకీ రాదు. అంచూ కొంగూ కోసి తగలబెడతారు. పట్టు బూడిదవుతుంది, జరీలో వెండి మిగులుతుంది, దాన్ని కరిగిస్తారు. అసలు జరీ అంటే పట్టు పోగు మీద చదును చేసిన వెండి తీగె చుట్టి, పైన బంగారు పూత పూసింది. ఆ తీగె కోసం మొత్తం నేతని కాల్చేస్తారు. ఇది బరంపురం అమ్మా! పట్టు ఊరని ఒడిషా అంతా పిలిచే ఊరు. జగన్నాథుడికి కట్టే పట్టు నేసిన ఊరు. తెలుగు మాట్లాడే దేవాంగులు, వాళ్ళని ఇక్కడి వాళ్ళు దేరా అంటారు, ఆ దేవాంగుల మగ్గాల మీద ఒడియా పోడ కుంభం దిగింది. అంచు మీద గుడి శిఖరాల్లా లేచే మొనలు. మనం కోటకొమ్మలంటాం. మన పిల్లల్ని కోటకొమ్మలంటే ఏమిట్రా అని అడగండి, బిక్కమొహం వేస్తారు. పోడ అంటే తెలుస్తుంది. సరే, ఏదో ఒక పేరు తెలిసింది.

బండివాడి మీద నాకంత కోపం లేదు. వాడిది బేరం. నా గొడవ మనతోనే. ఈమధ్య కొత్త ముచ్చటొకటి వచ్చింది. అమ్మమ్మ చీర బీరువాలోంచి తీయడం, నిక్షేపంలా ఉన్నదాన్ని నిలువునా కోసి నాలుగు దిండు గలీబులు, ఒక జాకెట్టు చేయడం, మిగిలింది చెత్తలో పడేయడం. పాతదాన్ని వాడుకున్నామని పేరు. బండివాడు నిప్పుతో చేసేది మనం కత్తెరతో చేస్తున్నాం. అందుకే చెబుతున్నా, బతికున్న చీరని కోయకండి. ప్రాణం పోయినదాన్ని కోసుకోండి, దానికి బోలెడు దారులున్నాయి.

బతికుందో లేదో ఎలా తెలుస్తుంది? చేతులతో. చీర ఒళ్ళో వేసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య రెండంగుళాల గుడ్డ పట్టి మెల్లగా లాగండి. ముందు పడుగు వైపు, అంటే చీర పొడవునా ఉండే పోగుల వెంట, తర్వాత పేక వైపు, అంటే అడ్డపోగుల వెంట. గుడ్డ కాస్త సాగి వెనక్కి వస్తే ప్రాణముంది. చిటచిట చప్పుడై పోగులు విడిపోతే లేదు. ఒక్కచోట చూసి ఊరుకోకండి. మడత గీతల మీద చూడండి, ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు మొట్టమొదట అక్కడే చిట్లుతుంది. అంచూ ఒడీ, అంటే చీర మధ్య గుడ్డ, కలిసేచోట చూడండి. జరీ బిరుసు, పట్టు మెత్తన, రెండూ కలిసేచోట ఒరుసుకుని చీలుతుంది. తర్వాత చీరని ట్యూబులైటు ముందు పరిచి పట్టుకుంటే పలచబడ్డ చోట్లన్నీ బయటపడతాయి. అక్కడ కచ్చా కుట్టు ఒకటి వేసి గుర్తు పెట్టుకోండి. సుద్ద గీతలు వద్దు, పట్టు మీద అవి పోవు.

చీరలో ఏ భాగం ఎక్కువ అరిగిందో మనకి తెలిసిందే, కానీ కోసేటప్పుడు మర్చిపోతాం. లోపలికి దోపుకునే మొదటి మీటరు కొత్తదిలా ఉంటుంది, ఎండా వెలుతురూ తగలవు. కుచ్చిళ్ల అడుగు అంచు మడమ తగిలి అరుగుతుంది. భుజం మీద పిన్ను పెట్టినచోట, కొంగు చివర నుంచి మీటరు పైచిలుకులో, చిల్లులుంటాయి. ఫాలు విప్పితే దాని కింద పట్టీ మిగతా చీర కంటే ముదురు రంగులో ఉంటుంది, కంగారు పడకండి, అదే చీర అసలు రంగు. ఇంకొకటి, దర్జీలు కూడా చెప్పరు: ప్రతి చీరకీ రెండంచులు. కింది అంచు అరిగినా, నడుం దగ్గర ముడుచుకుపోయే పై అంచు బాగుంటుంది. లంగాకి ఆ పై అంచునే కిందికి తెండి. బుటాలు ఒకే వైపు చూసేవైతే తలకిందులవుతాయి, నెమలి కాళ్ళు పైకి లేస్తాయి. అది మాత్రం కోసేముందు చూసుకోండి.

జరీ ఏదో తెలియాలంటే చివర ఒక పోగు ఊడదీసి గోటితో గీకండి. అసలు జరీ లోపల ఎర్రటి పట్టు పోగు కనిపిస్తుంది. గీకితే రాగి రంగు తేలితే రాగి తీగె మీద పూత. నిప్పు చూపిస్తే కరిగి ముద్దయిందా, ప్లాస్టిక్ జరీ. పట్టు పోగు కూడా అలాగే: వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు, గట్టి పూస కడితే పాలిస్టరు. ప్లాస్టిక్ జరీ మీద ఇస్త్రీ వేడి పెంచితే అంచు ముడుచుకుపోయి చీరంతా అలలు తేలుతుంది. మళ్ళీ సరిచేయలేం. నల్లబడ్డ వెండి జరీకి చింతపండు, నిమ్మకాయ రుద్దుతారు కొందరు. వద్దు. తీగె తెల్లబడేలోపు పక్కనున్న పట్టు రంగు పోతుంది. సెంటు జరీ మీద కొట్టకండి, నాఫ్తలీన్ ఉండలు నేరుగా తగలనివ్వకండి.

ఇక బతికున్న చీరతో కోయకుండా ఏం చేయొచ్చు? మన ఊరి ఠకురాణి అమ్మవారి యాత్రలో పిల్లలకి వేషాలు కడతారు కదా, రెండేళ్లకోసారి. రాముడికీ కృష్ణుడికీ పంచె కట్టేది కుట్టిన గుడ్డతోనా? పాత చీర, నడుముకి నాడా, నాలుగు పిన్నులు. యాత్రయ్యాక చీర మళ్ళీ బీరువాలోకి. ఇంటికి కూడా అదే తెలివి. గుమ్మానికి తెరగా వేయాలంటే చీరని కడ్డీ మీదుగా మధ్యకి మడిచి వేలాడదీయండి. అయిదున్నర మీటర్ల చీర సగానికి మడిస్తే రెండు మీటర్ల డెబ్భై అయిదు, ఏడడుగుల గుమ్మానికి రెండడుగులు ఎక్కువే. ఆ ఎక్కువని పైనే ఇంకో మడతగా వెనక్కి వేసి కచ్చా కుట్టు. పండగయ్యాక దారం లాగేస్తే చీర చీరే. కిటికీకి మాత్రం వేయకండి, ఎండకి పట్టు పాడైనట్టు ఇంకేదీ పాడవదు. లోపలి గుమ్మాలకే.

బొమ్మల కొలువు మెట్ల వెనక గోడకైతే, చీర పైభాగాన నాలుగంగుళాల నూలు పట్టీ గొట్టంలా కుట్టి అందులో వెదురు కర్ర దూర్చండి. బరువంతా పట్టీ మీద పడుతుంది. మేకులు కొడితే బరువంతా రెండు పోగుల మీద పడుతుంది. కోరాపుట్ వైపు నుంచి కోట్‌పాడ్ గుడ్డ చేతికొస్తే, ఆల్ చెట్టు వేరుతో అద్దిన ఆ ఎరుపు, దాన్ని కూడా ఇలాగే వేలాడదీయండి. మిర్గాన్ నేతగాళ్ల పని అది.

ఇప్పుడు ప్రాణం పోయిన చీర. ఒడి చిట్లిపోయినా అంచూ కొంగూ గట్టిగా ఉంటాయి చాలాసార్లు. అంచుని అంచు గీత మీదే కోస్తారు, అక్కడే తప్పు. నాడె అంటే పేక పోగుని అటూ ఇటూ తిప్పేది; కుంభం అంచుకి ఒక నాడె, ఒడికి ఒక నాడె, రెండు పేకలూ మొనల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ మొనకి ఆనించి కోస్తే పట్టు సడలి కోటకొమ్మలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. మొనకి బయట ముప్పావు అంగుళం ఒడి గుడ్డ వదలండి, దాన్ని వెనక్కి మడిచి చేత్తో కుట్టండి.

మడతకుర్చీలకీ దివానుకీ పదహారంగుళాల గలీబులు ఒక కొంగు నుంచి రెండు వస్తాయి. ముందు వైపే పట్టు, వెనక వైపు పాత నూలు పంచె. పట్టు ముక్కకి వెనక తప్పకుండా పల్చటి నూలు మల్ గుడ్డ వేయాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసిన మల్ గుడ్డ, లేకపోతే మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి పట్టుని చింపుతుంది. రెండిటినీ మూడంగుళాలకో కచ్చా కుట్టుతో పట్టించి అప్పుడు మిషను మీద పెట్టండి. సూది పదకొండో నంబరు, కొత్తది. మొండి సూది పోగుని లాగేసి గీత పెడుతుంది. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. మరీ దగ్గర కుడితే పోస్టు స్టాంపుల కాగితంలా అక్కడే చిరుగుతుంది. దారం గుడ్డ కంటే బలహీనంగా ఉండాలి. తెగాల్సి వస్తే దారం తెగాలి, గుడ్డ మిగలాలి.

తోరణానికి మిగిలిన పీలికలు చాలు. మూడడుగుల గుమ్మానికి పదకొండు మామిడాకులు సరిపోతాయి, ఒక్కోటి ఆరంగుళాల పొడవు. ఆకుకి రెండు పొరలు, లోపల పాత బొంత గుడ్డ. కుట్టుకి అర అంగుళం వదలాలి. పావంగుళం వదిలితే తిరగేసేటప్పుడే పట్టు పోగులు ఊడి కుట్టు జారుతుంది. పైన తెరిచి ఉంచి, తిరగేసి, పల్చటి గుడ్డ అడ్డం వేసి ఇస్త్రీ. ఆకులన్నిటినీ అంచు ముక్క మడత మధ్యలో దూర్చి ఒకే కుట్టు.

ఇక్కడ ఎవరో చెయ్యెత్తారు, తెలుసు ఏం అడుగుతారో. గ్లూ గన్‌తో అంటించొచ్చా? వద్దమ్మా! వద్దు! ఆ జిగురు పట్టులోకి ఇంకి నూనె మరకలా ఇవతలికి తేలుతుంది, ఆరాక బిరుసెక్కుతుంది, ఆ బిరుసు చుట్టూ గుడ్డ తెగుతుంది. మన బరంపురం ఎండకి తోరణం మధ్యాహ్నానికి మెత్తబడి ఆకులు ఒక్కొక్కటీ గుమ్మంలో రాలతాయి. పోనీ తీసేద్దామంటే గుడ్డతో సహా వస్తుంది. కుట్టు విప్పుకోవచ్చు, జిగురుకి ఆ దారే లేదు. అట్ట మీద అద్దాలంటించుకోండి గ్లూ గన్‌తో, నాకేం అభ్యంతరం లేదు.

లంగా మాట ఇచ్చాను. ఎనిమిదేళ్ల పిల్ల, పొడవు ఇరవై ఎనిమిది అంగుళాలనుకుందాం. చీర వెడల్పు నలభై ఆరు. మంచి అంచు కిందికి పెట్టి పైకి ముప్పై మూడున్నర కొలవండి: ఇరవై ఎనిమిది పొడవుకి, ఒకటిన్నర నడుము కుట్టుకి, మిగతా నాలుగు రెండు టక్కులకి. అంగుళం టక్కు రెండంగుళాలు తింటుంది. పిల్ల ఎదిగిన ఏడాది ఒకటి విప్పడం, మరుసటేడు రెండోది. మన నాయనమ్మలు పరికిణీకి ఇలాగే టక్కులు పెట్టారు, అందుకే ఒక్క పరికిణీ అక్కాచెల్లెళ్లిద్దరికీ సరిపోయేది. ఘేరుకి, అంటే లంగా చుట్టుకి, సగం చీర, రెండు మీటర్ల డెబ్భై అయిదు. మిగిలిన పన్నెండున్నర అంగుళాల పట్టీ, రెండో అంచుతో సహా, జాకెట్టు చేతులకి. లైనింగు నూలుదే, లంగా కంటే అంగుళం పొట్టిగా. బిడ్డ ఒంటికి పాలిస్టరు లైనింగు వేసి దీపావళి పువ్వొత్తుల దగ్గరికి పంపకండి. పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది.

సంతలో, పాత బట్టల రాశుల్లో కొన్నవి ఇంట్లోకి తేగానే బీరువాలో పెట్టకండి. పాలిథిన్ సంచిలో గాలి తీసి మూతి కట్టి ఫ్రీజర్లో వారం ఉంచితే పురుగులూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక పూట వదలండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఉతికే ముందు తడి తెల్లగుడ్డ లోపలి వైపు అద్ది చూడండి, రంగు అంటితే ఉతకొద్దు, నీడన గాలికి ఆరేయండి. అంటకపోతే ఆరు కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి పిసికి వడగట్టి అరబకెట్టు నీళ్లలో కలపండి. అయిదు నిమిషాలు, అంతే. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. బట్టల సోడా, బ్లీచింగు వద్దు. బ్లీచింగు పట్టుని కరిగించేస్తుంది, నిజంగానే కరిగిస్తుంది. చంకల్లో చెమటకి పసుపెక్కిన జాకెట్టు గుడ్డ తిరిగి రాదు, ఆ ముక్క కోసి పారేయండి.

ఇత్తడి సామాను గురించి రెండు ముక్కలు, టైమవుతోందని సైగ చేస్తున్నారు. చింతపండు, ఉప్పు రుద్ది వెంటనే కడిగి తుడిచేయండి, తడి ఉంటే సాయంత్రానికి మచ్చలు. ఇనప పీచు పెట్టకండి. లోపల కళాయి పోయిన గిన్నెలో పూలు పోయండి, పులుసు కాచకండి. బెళ్ళగుంఠ ఇత్తడి చేప, ఒళ్ళంతా మెలికలు తిరిగేది, పాత సామాన్లలో దొరికితే వదలకండి, కానీ కీళ్లలోకి చింతపండు పోనివ్వకండి, పొడి గుడ్డతో సరి. పాత ట్రంకు పెట్టెలు కొలువు మెట్లకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. పెద్దది కింద, చిన్నది పైన, మూతలు ఊగకుండా మధ్యలో మడిచిన గోనె, పైన తెల్ల దుప్పటి. తెర వేలాడే గుమ్మానికీ దీపాల వరసకీ మధ్య మూడడుగులు ఉండి తీరాలి. పాత రకం సీరియల్ బల్బులు వేడెక్కుతాయి, గుడ్డకి ఎల్‌ఈడీలే చుట్టండి.

అదీ సంగతి. చీరలు తెచ్చుకున్నవాళ్ళు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, వెలుతురు పోకముందే చూద్దాం. జరీవి ఎడమ పక్కన, ఉత్త పట్టు కుడి పక్కన పెట్టండి. కత్తెర తెచ్చినవాళ్ళు దాన్ని సంచిలోనే ఉంచండి, ఇవాళ దాంతో పని లేదు.