కాదనే వీలు లేని చోట రాజీ ఎక్కడిది?

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకి, మధ్యవర్తులుగా శిక్షణ తీసుకుంటున్న మీ అందరికీ నమస్కారం. నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, సంతోషం. వందన సమర్పణలో అందరి పేర్లూ ఎలాగూ వస్తాయి కాబట్టి నేను నేరుగా విషయంలోకి వెళ్తాను. నాకిచ్చిన అంశం "అహింసా మార్గంలో వివాద పరిష్కారం, నైతిక విలువలు". చరిత్ర, సిద్ధాంతం, ఆచరణ అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. కానీ పొద్దున్నుంచి మీ చర్చలు వింటూ కూర్చున్నాను, ఒకే మాట పదే పదే వినపడింది. "ఎలాగోలా రాజీ కుదిరితే చాలు కదండీ" అని. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి ముందు దాని సంగతి మాట్లాడతాను.

చాలదు. ఎలాగోలా కుదిరితే చాలదు.

నా వాదన ఒక్కటే, ఇప్పుడే చెప్పేస్తాను. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, చివరికి చేతులు కలిపారు అన్నంత మాత్రాన ఒక తగవు అహింసతో తీరినట్టు కాదు. ఆ ఇద్దరిలో బలం తక్కువున్న మనిషికి "ఇది నాకు సమ్మతం కాదు" అని చెప్పి లేచి వెళ్లిపోయే వీలు నిజంగా ఉందా అన్నది చూడాలి. ఆ వీలు లేకుండా జరిగితే ఆ మనిషి లొంగిపోయాడని అర్థం, దాన్ని మనం ఒప్పందం అని రాసుకుంటున్నాం.

ఒక సంగతి చెప్పి తీరాలి. కొన్నేళ్ల కిందట ఒక మధ్యవర్తిత్వ సమావేశంలో పరిశీలకుడిగా ఓ మూల కూర్చున్నాను. మెషీన్‌లో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్న కుర్రాడు, పక్కన వాళ్లమ్మ. ఎదురుగా యజమాని, మేనేజరు, లాయరు. ఎవరూ గొంతు పెంచలేదు. యజమాని అయితే "మా ఇంట్లో పిల్లాడి లాంటివాడు" అన్నాడు కూడా. లాయరు ఒక మొత్తం చెప్పి, ఇవాళ సంతకం పెడితే ఇవాళే చెక్కు, లేదంటే కోర్టులో తేల్చుకుందాం అన్నాడు. ఆ తల్లి కాగితం చేతిలో పట్టుకుని, "ఇది ఇంటికి తీసుకెళ్లి తెలిసినవాళ్లకి చూపించి రేపు తెస్తానయ్యా" అంది. మధ్యవర్తి చిన్నగా నవ్వి "మా మీద నమ్మకం లేదామ్మా?" అన్నారు. అంతే, ఆమె ఇంక నోరు విప్పలేదు. కుర్రాడు ఎడమచేత్తో సంతకం పెట్టాడు. అలవాటు లేని చెయ్యి కదా, పేరు గడి దాటి కింద గడిలోకి జారిపోయింది. రిజిస్టర్‌లో "శాంతియుతంగా పరిష్కారమైంది" అని రాశారు.

"మా మీద నమ్మకం లేదా" అన్న ఆ మాట నాకిప్పటికీ బాధే. బెదిరింపు కన్నా గట్టిగా పనిచేసింది అది. బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు, మర్యాదగా అడిగినదానికి ఎలా ఎదురు తిరుగుతారు? ఆ కుర్రాడికి మందుల ఖర్చుంది, పని లేదు, కోర్టుకి తిరిగే స్తోమత లేదు, ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు. అక్కడ అసలు బేరం నడిచింది దాని మీదే. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లోనే చెప్పాడు, కొట్టే చెయ్యి ఎక్కడా కనపడకపోయినా, ఉన్న ఏర్పాటే మనుషుల్ని కుంగదీస్తుంటే అదీ హింసే అని. సిద్ధాంతం మీద నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాది మీకిచ్చిన పుస్తకంలో ఉంది.

మన భారతంలో కృష్ణ రాయబారం అందరికీ తెలుసు. అయిదూళ్లు ఇచ్చినా చాలన్నారు పాండవులు. అంత తక్కువకి దిగి అడిగినా వాళ్లు దీనులు కారు, ఎందుకంటే ఇవ్వనంటే ఏం చేయాలో వాళ్ల దగ్గర జవాబుంది, వెనకాల ఏడు అక్షౌహిణులున్నాయి. సరే, సైన్యం వద్దనుకున్నవాళ్ల వెనక ఏముండాలి? ఆయుధం పట్టను, అయినా నువ్వు విదిల్చినదానికి ఒప్పుకోను అని చెప్పాలంటే ఆ బలం ఎక్కడినుంచి రావాలి? ఈ ప్రశ్న దగ్గరే నేను అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మె గురించి చెప్పాలి. దీన్ని రెండు నిమిషాల్లో ముగిద్దామనుకున్నాను, కానీ కుదరదు, కాస్త ఓపిక పట్టండి.

1917లో అహ్మదాబాదులో ప్లేగు వచ్చింది. కార్మికులు భయపడి ఊరొదిలి పోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనస్ ఇచ్చారు. ప్లేగు తగ్గాక, 1918 మొదట్లో, ఆ బోనస్ తీసేస్తామన్నారు. యుద్ధం వల్ల పెరిగిన ధరలు మాత్రం పెరిగే ఉన్నాయి. కార్మికులు కూలి 50 శాతం పెంచమన్నారు, యజమానులు 20 దగ్గర ఆగారు, గాంధీజీ లెక్కలన్నీ చూసి 35 న్యాయం అన్నారు. యజమానుల వైపు ముందు నిలబడ్డది అంబాలాల్ సారాభాయ్. కార్మికుల వైపు నిలబడ్డది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. ఇంకో మెలిక కూడా ఉంది, గాంధీజీ ఆశ్రమం డబ్బుల్లేక ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఆదుకున్నది ఈ అంబాలాలే. అంటే ఇది శత్రువుల మధ్య తగవు కాదు, అక్కాతమ్ముళ్ల మధ్య, స్నేహితుల మధ్య. మీ దగ్గరికి వచ్చే తగవుల్లో ఎక్కువ ఇలాంటివే ఉంటాయి.

ఫిబ్రవరి 22న మిల్లులు మూతపడ్డాయి. రోజూ సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద సభ. గాంధీజీ పెట్టిన షరతులు చూడండి: హింసకి దిగకూడదు, పనిలోకి వెళ్లేవాళ్ల జోలికి పోకూడదు, చందాల మీద బతకకూడదు, సమ్మె ఎన్నాళ్లు సాగినా వేరే కష్టం చేసుకుని తినాలి. మొదటి రెండూ అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు మూడోది, నాలుగోది ముఖ్యం. రోజులు గడిచేకొద్దీ ఇళ్లల్లో గింజలు అయిపోయాయి. అప్పుడు ఆశ్రమంలో నేత బడి కడుతున్నారు, పునాదులు పూడ్చడానికి ఇసుక కావాలి. ఆ పని వీళ్లకి ఇవ్వొచ్చు కదా అన్నాడు మగన్‌లాల్ గాంధీ. కార్మికులు తట్టలకెత్తి నదిలోంచి ఇసుక మోశారు, వరసలు వరసలుగా. వాళ్లకి ముందు, నెత్తిన తట్ట పెట్టుకుని నడిచింది అనసూయాబెన్, మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచు.

ఈ సమ్మె గురించి చెప్పేటప్పుడు అందరూ నిరాహారదీక్ష చెబుతారు, ఇసుక చెప్పరు. నన్నడిగితే ఈ మొత్తం కథలో అహింస అన్నది ఆ ఇసుక తట్టల్లోనే ఉంది. ఆ పూట కూలి దొరికింది కాబట్టి మర్నాడు కూడా "ఇరవైకి రాము" అనగలిగారు. ఎవర్నీ కొట్టకుండా, ఎవర్నీ దేబిరించకుండా, కాదనే శక్తి సంపాదించుకున్నారు. నేనిందాక అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

తర్వాత దీక్ష. సభలకి జనం పల్చబడ్డారు. ఆశ్రమం మనిషి పిలవడానికి వెళ్తే కొందరు, గాంధీజీకి అనసూయాబెన్‌కి ఏంపోయింది, కార్లలో వస్తారు, పోతారు, కడుపునిండా తింటారు, ఆకలితో మాడేది మేము కదా అన్నారు. ఆ మాట గాంధీజీ చెవిన పడింది. మార్చి 15న దీక్ష మొదలుపెట్టారు, 18 కల్లా ఒప్పందం అయిపోయింది. మొదటి రోజుకి 35 శాతం, రెండో రోజుకి 20, ఆ తర్వాత మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా 27.5. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ, చివరికి ఆయనా 35 శాతమే తేల్చారు.

అంతా బాగానే ముగిసింది కదా. కానీ గాంధీజీ తన ఆత్మకథలో ఈ దీక్షలో పెద్ద లోపం ఉందని రాసుకున్నారు. యజమానులు తనకి దగ్గరివాళ్లు, తన ప్రాణం ఏమైపోతుందో అన్న బెంగ వాళ్ల నిర్ణయం మీద పడకుండా ఉండదు, న్యాయంగా అయితే కార్మికుల సమ్మె ఒక్కదానికే వాళ్లు దిగిరావాలి. అంటే తను కర్ర పట్టుకోకపోయినా అవతలివాళ్లకి కాదనే వీలు తగ్గించానని ఆయనకి తెలుసు. గెలిచిన పక్షాన ఉండి ఆ మాట రాయడానికి చాలా నిజాయితీ కావాలి. మీరు ఈ వృత్తిలో ఉన్నన్నాళ్లూ ఆ పేజీ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడొక పని చేయండి. నిరాహారదీక్ష పూర్తిగా అహింసే, అందులో ఒత్తిడి ఏమీ లేదు అనుకునేవాళ్లు చేతులెత్తండి. మొహమాటపడకండి... సరే, సగం పైనే ఉన్నారు. మంచిది, చేతులెత్తినవాళ్లు ఇది వినండి.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన వర్గాలకి ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే వాళ్ల ప్రతినిధుల్ని వాళ్లే విడిగా ఎన్నుకునే ఏర్పాటు, ప్రకటించింది. దానికి వ్యతిరేకంగా గాంధీజీ ఎరవాడ జైల్లో సెప్టెంబర్ 20న ఆమరణ దీక్షకి కూర్చున్నారు. దేశమంతా ఒకటే టెన్షన్. ఆ టెన్షన్ అంతా వచ్చి పడింది ఎవరి మీద? అంబేడ్కర్ మీద. ఆయన కాదంటే గాంధీ ప్రాణం పోతుంది, గాంధీ ప్రాణం పోతే దాని ఫలితం ఊళ్లల్లో దిక్కులేని దళితుల మీద పడుతుంది. 24న పూనా ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. రిజర్వు సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. సీట్లు రెట్టింపయ్యాయి కాబట్టి మేలే జరిగిందనేవాళ్లున్నారు, ఆ వాదనలో పస లేదనను. కానీ అంబేడ్కర్ తర్వాతి రోజుల్లో దాన్ని ఎంత తీవ్రంగా విమర్శించారో చదివితే, సంతకం పెట్టిన చెయ్యి ఎంత ఇరుకులో ఉందో తెలుస్తుంది. అహ్మదాబాదులో ఒత్తిడి పడింది మిల్లులున్న మారాజుల మీద, పూనాలో పడింది తరతరాలుగా తొక్కబడ్డవాళ్ల మీద. పద్ధతి అదే, మనిషీ ఆయనే, అయినా నా మనసుకి రెండూ ఒకటి కావు. గాంధీజీ మీద ఎంతో గౌరవం ఉంచుకునే ఈ మాట అంటున్నాను.

కాదనే వీలు తీసేసే ఒత్తిడిని అహింస అనుకోవడం ఒక రకం తప్పు. ఇక రెండో రకం తప్పు, గొడవంటేనే భయపడటం. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో వర్ణవివక్షకి వ్యతిరేకంగా నల్లజాతివాళ్లు వీధుల్లోకొస్తే, ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలు ఇది సమయం కాదు, తెలివైన పనీ కాదు అని ప్రకటన ఇచ్చారు. వాళ్లు దుర్మార్గులు కారు, ఊరు ప్రశాంతంగా ఉండాలని కోరుకున్నవాళ్లు. వాళ్లకి మార్టిన్ లూథర్ కింగ్ జైలు నుంచి ఉత్తరం రాశాడు. టెన్షన్ మేం పుట్టించలేదు, లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చాం, అది బయటపడితేనే మీరు మాతో చర్చలకి కూర్చుంటారు, ఇదీ దాని సారాంశం. అంతకు ఏడేళ్ల ముందు మాంట్‌గొమరీలో, బస్సుల్లో చూపే వివక్షకి నిరసనగా, నల్లజాతివాళ్లు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు, ఉన్న కార్లని కలిపి సొంతంగా రవాణా నడుపుకున్నారు. మళ్లీ ఇసుక తట్టలే చూడండి. అవతలివాడి బస్సు లేకుండా బతకగలం అని చూపించాకే వాళ్ల మాటకి విలువొచ్చింది.

ఇదంతా కోర్టులకీ, చట్టాలకీ తెలియనిదేం కాదు. ఆడవాళ్ల మీద జరిగే హింస విషయంలో బలవంతపు మధ్యవర్తిత్వం పెట్టకూడదని యూరప్ దేశాలు చేసుకున్న 2011 నాటి ఇస్తాంబుల్ ఒడంబడిక రాసింది. అత్యాచారం కేసులో రాజీ అన్న ఆలోచనే కూడదని మన సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పింది. ఎందుకు? అక్కడ "ఒప్పుకుంటున్నాను" అన్న మాట వెనక ఎన్ని చేతులు తోస్తుంటాయో వాళ్లు చూశారు కాబట్టి. మరి వేళ్లు తెగిన కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి మనకా జాగ్రత్త ఏమైపోతోంది?

క్షమించడం గురించి కూడా ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక, అప్పటి నేరాల నిజాలు బయటికి తేవడానికి డెస్మండ్ టూటూ నడిపిన సత్య, సయోధ్య కమిషన్‌ని ప్రపంచమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకుంటాను, అంతర్యుద్ధంలో పడకుండా ఒక దేశం ఒడ్డున పడింది. కానీ నిజం చెప్పినవాళ్లకి క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, బాధితులు వాళ్ల మీద దావా వేసుకునే హక్కు కూడా పోయింది. వర్ణవివక్ష మీద పోరాడి పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బీకో కుటుంబం దాని మీద 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయింది. 2003లో బాధితులకి 30,000 రాండ్లు ఒక్కసారికి ఇస్తామన్నారు. దేశానికి వచ్చిన శాంతికి ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో చూడండి. క్షమించడం గొప్ప గుణమే, కానీ క్షమించమని పక్కన కూర్చున్నవాళ్లు ఒత్తిడి చేయడం గొప్ప కాదు. బాధపడ్డ మనిషి తనంతట తను ఇస్తేనే అది క్షమ.

టైమ్ అయిపోతోందని చీటీ పంపారు, ఆచరణ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టే ముందు విడివిడిగా కూర్చోండి. బలహీనపక్షాన్ని "ఇవాళ ఒప్పుకోకపోతే రేపు మీకేమవుతుంది?" అని అడగండి. జవాబు "ఇల్లు గడవదు" అయితే, ముందు ఆ రేపటి సంగతి చూడండి, తాత్కాలిక సాయమో, ఉచిత న్యాయ సలహానో, ఏదో ఒకటి. బేరం తర్వాత. ఇంటికి తీసుకెళ్లి చూపిస్తానంటే కాగితం ఇచ్చి పంపండి, సంతోషంగా పంపండి, ఇవాళ్టితో సరి అని పెట్టే గడువు మీ గదిలో చెల్లదని చెప్పండి. మర్నాడు వాళ్లు రాకపోతే వాళ్లకి కోపం వచ్చిందని కాదు, ఆలోచించుకుంటున్నారని అనుకోండి. పెద్దమనసు చేసుకోమని పేదవాడికి ఎప్పుడూ చెప్పకండి, దయచేసి, ఈ ఒక్కటీ నాకోసం.

నిర్వాహకులకి నా విన్నపం ఒకటుంది. నెలకి ఎన్ని రాజీలు కుదిర్చారన్న లెక్క మీద మధ్యవర్తుల పనితనం కొలవడం ఆపండి. ఆ లెక్క ఉన్నంతకాలం "నమ్మకం లేదామ్మా" అన్న మాట ఆగదు. రిజిస్టర్‌లో "కుదరలేదు, ఎందుకంటే" అని ఒక గడి పెట్టించండి, దాన్ని కూడా పనికిందే లెక్కవేయండి.

మధ్యాహ్నం మీకు నమూనా తగవులు ఇస్తారు, కొందరు పేదపక్షం వేషం వేస్తారు. వాళ్లు కనీసం ఒక్కసారైనా అంతా కుదిరిపోతుందనగా కాదని లేచి బయటికి నడవండి. అప్పుడు మధ్యవర్తి వేషంలో ఉన్నవాళ్లు ఏ మాటతో ఆపబోయారో మిగతావాళ్లు ఉన్నదున్నట్టు రాసుకోండి. సాయంత్రం దాకా నేను ఇక్కడే ఉంటాను, ఆ మాటలు నాకు చదివి వినిపించండి. ఇప్పుడు మైకు కిందికి పంపుతున్నాను, పూనా విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు ముందు మాట్లాడండి.