లయన్ ఫిష్, ట్రిగ్గర్, ఈల్, గ్రూపర్: పెరిగాక వీటిని తీసుకునేదెవరు?

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూ కొనే చేపల మీద కాదు, ఇచ్చేయాల్సి వచ్చే చేపల మీద. మెరైన్ ట్యాంక్‌లోకి, అంటే ఉప్పునీటి అక్వేరియంలోకి, వేటాడే చేపను తెచ్చుకునేటప్పుడు రంగు చూస్తాం, ధర చూస్తాం, ఇంకో వంద తగ్గించమని బేరం కూడా ఆడతాం. రేపు ఇల్లు మారితేనో, చేపే ట్యాంక్‌కి మించి పెరిగితేనో దాన్ని ఎవరు తీసుకుంటారని మాత్రం అడగం. నేను మార్కులు వేసేది ఆ ఒక్కదానికే. రెండో ఇల్లు ఎంత తేలిగ్గా దొరుకుతుందో చూసి పదికి ఇన్ని అని.

లయన్ ఫిష్‌తో మొదలుపెడదాం. అందరూ కొనే వోలిటాన్స్ అనే రకం. షాపులో అరచేతిలో పట్టేంత ఉంటుంది, పెరిగితే 15 అంగుళాల దాకా వెళ్తుంది. దీనికి 7 మార్కులు. విషం ఉన్న చేపకి అన్ని మార్కులా అనకండి. ఇది ఎవరితోనూ గొడవ పెట్టుకోదు. నోట్లో పట్టేదాన్ని మింగుతుంది, పట్టనిదాని జోలికి పోదు. పెద్ద చేపలున్న ఆరడుగుల ట్యాంక్ వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. కాకపోతే ముందే ఫ్రోజెన్ మేత, అంటే గడ్డకట్టించి అమ్మే రొయ్యలు, చేప ముక్కలు, తినడం అలవాటు చేసి ఉండాలి. రోజూ గోల్డ్‌ఫిష్ వేసి పెంచితే ఎవరూ తీసుకోరు, తీసుకోకపోవడమే కరెక్ట్ కూడా. గోల్డ్‌ఫిష్‌లో ఉండే థయమినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, చేప లోపల్లోపలే దెబ్బతింటుంది. పుల్లకి రొయ్య ముక్క గుచ్చి ముఖం ముందు కదిలించండి, కొన్నాళ్లకి దారికొస్తుంది. అది తింటుంటే వీడియో తీసి పెట్టుకోండి. తీసుకునేవాళ్లు మొదట అడిగేది అదే.

ఇప్పుడు పట్టుకోవడం. వల వాడొద్దు. ముళ్లు వలలో చిక్కుకుంటాయి, విడదీయబోతే చెయ్యి పోతుంది. ఇదిగో, ఇలాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బా చాలు. నీళ్లలో ముంచి అడ్డంగా పెట్టండి, ఇంకో పుల్లతో వెనక నుంచి నెమ్మదిగా తోలండి. లయన్ ఫిష్ పారిపోదు, రెక్కలు విప్పుకుని నీ వైపే వీపు తిప్పుతుంది. ఆ వీపు మీదే 13 ముళ్లు, కింద ఇంకో 5, మొత్తం 18 విషపు ముళ్లు. తొందరపడకుండా తోలితే నీళ్లతో సహా డబ్బాలోకి వచ్చేస్తుంది. గుచ్చుకుంటే చన్నీళ్లు కాదు, ఐస్ అసలే కాదు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీల దగ్గర, చెయ్యి కాల్చుకోకుండా ముంచి ఉంచి ఆసుపత్రికి వెళ్లండి.

ఊళ్లోనే ఇస్తుంటే మూత ఉన్న బకెట్, బ్యాటరీ ఎయిర్ పంపు చాలు. రాత్రి బస్సులో వేరే ఊరికి పంపాలంటే ఆక్సిజన్ నింపిన కవర్ కావాలి, ముల్లు దిగకుండా కవర్ మీద కవర్, మధ్యలో న్యూస్‌పేపర్ పొర. అందుకునేవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి. కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లలో ఆమ్ల గుణం పెరుగుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ చేప వదిలిన అమ్మోనియా పెద్దగా హాని చేయదు. కవర్ విప్పి గాలి తగలగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి దూరం నుంచి వచ్చిన చేపకి గంటలకొద్దీ డ్రిప్ పెట్టొద్దు, అంటే కవర్ నీళ్లలోకి కొత్త ట్యాంక్ నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ కూర్చోవద్దు. కవర్ నీళ్లలో ఉప్పు శాతం ఎంతో పంపేవాళ్లని ఫోన్‌లో అడిగి, అంతే ఉప్పుతో నీళ్లు సిద్ధంగా ఉంచుకుని, చేప రాగానే అందులోకి మార్చేయాలి.

"అన్నా, ఇంత తిప్పలెందుకు, విశాఖలో సముద్రం ఉందిగా, వదిలేస్తే పోలా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోదు తమ్ముడూ. ఎక్కడెక్కడి సముద్రాల నుంచో వచ్చిన చేపలతో కలిసి బతికిన చేప అది, వాటి రోగాలన్నీ మోసుకెళ్లగలదు. సొంత సముద్రం కాకపోతే ఏమవుతుందో ఫ్లోరిడాలో చూశారు. అక్కడ 1985లో మొదటి లయన్ ఫిష్ దొరికింది. అక్వేరియం చేపలను వదిలేయడం వల్లే మొదలైందని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు కరీబియన్ అంతా అదే. 2014లో బతికున్న లయన్ ఫిష్ దిగుమతిని ఫ్లోరిడా నిషేధించింది. పెంచుకోలేని జంతువుల్ని జరిమానా భయం లేకుండా అప్పగించే ప్రోగ్రామ్ కూడా అక్కడ ఉంది. నాకైతే నిషేధం కంటే ఆ రెండోదే తెలివైన పని అనిపిస్తుంది.

క్లౌన్ ట్రిగ్గర్. 3 మార్కులు. అందంలో పదికి పదిహేను ఇవ్వొచ్చు, గుణంలో మాత్రం పెరిగేకొద్దీ రౌడీ. హీటర్ వైరు కొరుకుతుంది, రాళ్లు దొర్లిస్తుంది, నిన్నటిదాకా కలిసి తిరిగిన చేపని ఒక రాత్రి చంపి పెడుతుంది. 20 అంగుళాల దాకా పెరిగే ఈ చేపని ఒంటరిగా ఉంచగలిగినవాళ్లకే ఇవ్వాలి, అలాంటివాళ్లు తక్కువ. పట్టడం ఇంకో గోల. రాతి సందులోకి దూరి వీపు మీది మొదటి ముల్లు నిలబెట్టి, వెనక ముల్లుతో గడియ పెట్టేస్తుంది. లాగితే రాదు, చేపకే దెబ్బ. రాయితో సహా ఎత్తి బకెట్‌లో పెట్టడమే.

పాములా పొడుగ్గా ఉండే స్నోఫ్లేక్ ఈల్‌కి 6. ట్యాంక్‌లో పీవీసీ పైపు ముక్క పడేసి ఉంచండి, అదే వెళ్లి దూరుతుంది. రెండు వైపులా మూతలు బిగించి తీసేయడమే. కొత్త ట్యాంక్‌కి మూత గట్టిగా లేకపోతే మాత్రం ఇవ్వొద్దు, తెల్లారేసరికి నేల మీద ఉంటుంది.

ఇక పాంథర్ గ్రూపర్, 1. తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలతో పిల్లగా ఉన్నప్పుడు ఎంత ముద్దుగా ఉంటుందో. పెరిగితే 70 సెంటీమీటర్లు. బంబుల్‌బీ గ్రూపర్ పేరుతో అమ్మే పసుపు నలుపు పిల్లకి సున్నా. అది జెయింట్ గ్రూపర్ పిల్ల, రెండు మీటర్లు దాటుతుంది, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జాతి. కొననే వద్దు.

ఇచ్చేముందు విచారణ సంబంధం చూసినంత గట్టిగా చేయండి. ట్యాంక్ ఎన్ని అడుగులు, లోపల ఇంకేం చేపలున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా. ఫొటో కాదు, వీడియో కాల్‌లో ట్యాంక్ చూపించమనండి. ఉచితంగా ఇస్తామని గ్రూపులో పెట్టొద్దు, ట్యాంక్ లేనివాళ్లు కూడా చెయ్యెత్తుతారు. కొద్దిగానైనా ధర పెట్టండి. షాపుకి తిరిగి ఇచ్చేస్తుంటే రోజూ ఏం తింటుందో కాగితం మీద రాసి ఇవ్వండి.

మీ దగ్గర ఇవ్వాల్సిన చేప ఉంటే కింద కామెంట్‌లో జాతి, పొడవు, ఊరు రాయండి. తీసుకునేవాళ్లు ట్యాంక్ కొలతలు రాయండి. కొలతలు లేకుండా "నాకు కావాలి అన్నా" అంటే జవాబివ్వను.