నారింజ రంగు ఆకాశం: ఆ పొగ ఎక్కడిదో ఎలా కనిపెడతారు?

[తెరపై: పట్టపగలు. నారింజ రంగు ఆకాశం కింద హెడ్‌లైట్లు వేసుకుని కదులుతున్న కార్లు]

2023 జూన్ 7, మధ్యాహ్నం రెండు దాటింది. మేముండేది న్యూయార్క్‌కు దగ్గరలోనే, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. సూర్యుడు కుంకుమబొట్టులా ఉన్నాడు. కిటికీ సందుల్లోంచి కట్టెలపొయ్యి వాసన. విజయవాడలో అప్పటికి రాత్రి పదకొండున్నర. అయినా అమ్మ పడుకోకుండా ఫోను చేసింది. "మీ దగ్గర ఏం తగలబడుతోందిరా?"

మా దగ్గర ఏదీ తగలబడడం లేదు. మండుతున్నవి కెనడాలోని క్యుబెక్ అడవులు. మాకు 800 నుంచి 1,000 కిలోమీటర్ల దూరం. కోల్‌కతాలో అడవి అంటుకుంటే విజయవాడలో గొంతు మండినట్టు! ఆ రోజు న్యూయార్క్‌లో గాలి నాణ్యత సూచీ 400 దాటింది. 50 లోపు ఉంటేనే మంచి గాలి అంటారు.

జూన్ మొదట్లో క్యుబెక్‌లో పిడుగులు పడి ఒక్కసారిగా వందకు పైగా చోట్ల మంటలు లేచాయి. అదే సమయంలో తూర్పు తీరం దగ్గర ఒక అల్పపీడనం కదలకుండా కూర్చుంది. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. కాబట్టి దానికి పడమటి వైపున ఉన్న మాకు గాలి నేరుగా ఉత్తరం నుంచి వచ్చింది, పొగను మోసుకుంటూ.

[తెరపై: ఉపగ్రహ చిత్రం. తెల్లని మబ్బుల మధ్య బూడిదరంగు చార]

ఇది గోస్-16 ఉపగ్రహం తీసిన చిత్రం. అప్పట్లో అది భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలబడి, అమెరికాను అయిదు నిమిషాలకోసారి చూసేది. ఈ చిత్రంలో మబ్బేది, పొగేది? మబ్బు గట్టిగా, తెల్లగా ఉంటుంది. పొగ పల్చని పాత పంచెలా కింద ఉన్నదాన్ని కాస్త కనిపించనిస్తుంది. అనుమానం ఉంటే పరారుణ చిత్రానికి మారండి. చూశారా? మబ్బులు అలాగే ఉన్నాయి, పొగ మాయమైంది. పొగ రేణువులు మరీ చిన్నవి, పరారుణ కాంతి పొడవాటి తరంగాలకు అవి అడ్డే కావు. నాకు ఈ విద్యలో అన్నింటికంటే నచ్చే కిటుకు ఇదే. ఇక మంటలెక్కడున్నాయో వేరే పరికరాలు పట్టిస్తాయి. వీర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గడులుగా చూస్తూ, చుట్టుపక్కల కంటే వేడిగా ఉన్న గడిని గుర్తిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. పైనుంచి చూసే కంటికి పొగ ఉందని తెలుస్తుంది, ఎంత ఎత్తులో ఉందో తెలియదు. నాలుగు కిలోమీటర్ల పైన తేలుతున్న పొగకూ, మన వాకిట్లోకి దిగిన పొగకూ చిత్రంలో పెద్ద తేడా కనిపించదు. కానీ మన ఊపిరితిత్తులకు ఆ తేడాయే ముఖ్యం. అదే జూన్ చివర్లో కెనడా పొగ అట్లాంటిక్ దాటి పోర్చుగల్, స్పెయిన్ మీదికి చేరింది. అక్కడ ఎక్కువ భాగం పైపొరల్లోనే ఉండిపోవడంతో ఆకాశం మసకబారింది గానీ నేల మీద గాలి మాలాగా చెడలేదు. పొగ ఎత్తు తెలియాలంటే లైడార్ కావాలి. లేజర్ కాంతిని పైకి పంపి, అది రేణువులకు తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి ఎత్తు లెక్కగడుతుంది.

[తెరపై: దగ్గరగా, తెల్లని కాగితపు రిబ్బను, దానిపై గుండ్రని మచ్చలు]

నేల మీద కొలిచే యంత్రం లోపల ఉండే రిబ్బను ఇది. గంటసేపు గాలిని ఒకేచోట పీల్చి, రేణువులను ఈ రిబ్బను మీద పట్టుకుంటుంది. ఆ మచ్చ గుండా బీటా కిరణాలు పంపి, ఎన్ని అడ్డుపడ్డాయో చూసి బరువు తేలుస్తుంది. గంట కాగానే రిబ్బను జరుగుతుంది, కొత్త మచ్చ మొదలవుతుంది. మామూలు రోజున మచ్చ కనీకనిపించనట్టు ఉంటుంది. పొగ దిగిన రోజున కాఫీ మరకలా గోధుమరంగు తేలుతుంది.

రంగులో కూడా సమాచారం ఉంది. డీజిల్ మసి అన్ని రంగుల కాంతినీ మింగుతుంది. కట్టె పొగలోని గోధుమరంగు కర్బనం అతినీలలోహిత కాంతిని మరింత గట్టిగా మింగుతుంది. రెండింటినీ పోల్చి చూస్తే ఆ పొగ లారీలదా, అడవిదా తెలుస్తుంది. కట్టెలోని సెల్యులోజు కాలితే పుట్టే లెవోగ్లూకోసాన్ అనే పదార్థం కూడా రేణువుల్లో దొరికితే సాక్ష్యం ఇంకా బలపడుతుంది.

ఇళ్లకు తగిలించుకునే చవక సెన్సర్ల విషయంలో ఒక మాట. అవి రేణువులను తూచవు, వాటి మీద పడి చెదిరిన కాంతిని చూసి అంచనా వేస్తాయి. పొగ ఉన్నప్పుడు చాలా ఎక్కువ చూపిస్తాయి, కొన్నిసార్లు అసలు విలువకు రెట్టింపు వరకు. అమెరికా ప్రభుత్వ పొగ మ్యాపులో వాటి అంకెలను సరిదిద్దాకే చూపిస్తారు. మరో సంగతి, మ్యాపులో కనిపించే సూచీ గడిచిన కొన్ని గంటలను కలిపి లెక్కించినది. పొగ ఉన్నట్టుండి కమ్మేస్తే అంకె కాస్త వెనకబడుతుంది. కాబట్టి ముక్కు చెబుతున్నదాన్ని కొట్టిపారేయకండి.

ఈ రేణువుల్లో అత్యధిక భాగం రెండున్నర మైక్రాన్ల లోపువే, వెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు. అందుకే ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. జూన్ 7న న్యూయార్క్ రాష్ట్రంలో, నగరాన్ని మినహాయిస్తే, ఉబ్బసంతో అత్యవసర విభాగాలకు వచ్చినవారు అంతకుముందు రోజుల కంటే 82 శాతం ఎక్కువ. ఒక్కొక్కరూ ఊపిరి అందక పరుగెత్తినవారే.

అమ్మ ఆ రాత్రి ఇచ్చిన సలహా, "ముక్కుకు తడిగుడ్డ కట్టుకో." ప్రేమతో చెప్పిందే, కానీ తడిగుడ్డ ఈ రేణువులను ఆపలేదు. ముఖానికి అంటుకుని ఉండే ఎన్-95 మాస్కు ఆపుతుంది. కిటికీలు మూయాలి, ఏసీ బయటి గాలి లాగకుండా చూసుకోవాలి. మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. తలుపులన్నీ బిగించుకున్న రోజున అగరుబత్తి వెలిగించకండి, ఎండుమిర్చి తాలింపు పెట్టకండి. అవి కూడా అవే రేణువులు, బయటికి పోయే దారి లేక ఇంట్లోనే తిరుగుతాయి. మేము మూడు రోజులు పెరుగన్నం, పచ్చడితో గడిపాం.

[తెరపై: రెండు ఫిల్టర్లు పక్కపక్కన]

ఎడమవైపున్నది కొత్తది, పాలలా తెల్లగా ఉంది. కుడివైపున్నది జూన్ 6 సాయంత్రం మా ఏసీలో పెట్టి, 9న తీసినది. వీడియో కాల్‌లో దీన్ని చూపిస్తే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "పిల్లవాడికి దగ్గు తగ్గిందా?"