వార్నిష్ తీసే ముందు
(విశాఖపట్నంలో చిత్రకళా విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చిత్రం గురించి చెప్పేవాళ్లు కళా చరిత్రకారులు, పాత చిత్రాలను కాపాడి బాగుచేసే కన్జర్వేటర్లు చిరిగితే అతికేవాళ్లు మాత్రమే అని ఒక లెక్క ఉంది. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, ఈ అపోహ మా వాళ్లలోనే ఎక్కువ. శుభ్రం చేయడం అయ్యాక కబురు పెడితే వచ్చి వ్యాసం రాస్తామంటాం. అప్పటికి సగం సాక్ష్యం దూదికి అంటుకుని చెత్తబుట్టలో పడి ఉంటుంది.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన చిత్రం ఒకటుంది. కిటికీ దగ్గర ఉత్తరం చదువుతున్న అమ్మాయి, వెనక బోసి గోడ. ఆ గోడ తెచ్చే ప్రశాంతతను మెచ్చుకుంటూ మా వాళ్లు పేజీలు నింపారు. 1979లో ఎక్స్‌-రే తీస్తే గోడ కింద మన్మథుడి బొమ్మ బయటపడింది. వెర్మీరే మనసు మార్చుకుని కప్పేశాడని సరిపెట్టుకున్నారు. 2017లో వార్నిష్, అంటే రంగుల మీద రక్షణగా పూసే పారదర్శక పొర, తీయడం మొదలుపెట్టాక పొరలను పరీక్షిస్తే, బొమ్మకూ పైపూతకూ మధ్య పాత వార్నిష్, దాని మీద మురికి కనిపించాయి. అంత మురికి పేరుకోవాలంటే దశాబ్దాలు పట్టాలి. కాబట్టి పూసినది వెర్మీర్ కాదు, ఆయన పోయాక మరెవరో. అదే మన్మథుడు వెర్మీర్ వేసిన ఇతర చిత్రాల్లోనూ గోడకు వేలాడుతుంటాడని చరిత్రకారులకు ముందే తెలుసు. రెండు సాక్ష్యాలూ కలిశాకే పైపూత తీశారు. 2021 నుంచి మన్మథుడు అందరికీ కనిపిస్తున్నాడు.

మన దగ్గరి సంగతి అజంతా. 1920లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ అనే కన్జర్వేటర్‌ను పిలిపించింది. ఊడిపోతున్న పూతను ఆయన నిలబెట్టాడు, అందుకు రుణపడి ఉండాలి. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలక్రమేణా పసుపెక్కింది. ఆ తర్వాత అజంతా వర్ణాల గురించి రాసినవారు రంగుతోపాటు లక్కనూ చూసి రాశారు. పూత చరిత్ర తెలియకుండా శైలి చరిత్ర రాస్తే ఇదే ఇబ్బంది.

ఇక ఉత్తరాంధ్ర జమీందారీ ఇళ్లలోని తైలవర్ణ చిత్తరువులు. సముద్రపు తేమకు బూజు పడుతుంది, ఎవరో ఒకరు మళ్లీ రంగు వేయిస్తారు. 1880ల నాటిదని చెప్పే చిత్తరువులో తాతగారి మీసంలో టైటానియం తెలుపు కనబడిందనుకోండి. ఆ రంగు 1910ల చివరి దాకా బజారులో లేదు. నకలా, మరమ్మతా? ఆ తెలుపు పాత పగుళ్లలోకి దిగి ఉంటే మరమ్మతు అని కన్జర్వేటర్ చెప్పగలరు. ఆ మరమ్మతు ఎప్పుడు, ఎందుకు జరిగిందో ఇంటి జమాఖర్చు పుస్తకాల్లోనో, పాత ఫొటోల్లోనో వెతకాల్సింది చరిత్రకారుడు.

మీ ఇళ్లలో అలాంటివి ఉంటే తడిగుడ్డతో తుడవకండి. చట్రం మార్చాల్సి వస్తే వెనక అంటించిన కాగితాలు, పాత మేకులు పారేయకుండా చిత్రంతోపాటే కన్జర్వేటర్ దగ్గరికి తీసుకురండి, అవీ సాక్ష్యమే.